మందు మోసే ప్రొటీన్లు, వాటిని నిలదీసే జన్యువులు

హెపటైటిస్-బి టీకాలో ఉండేది వైరస్ కాదు, దాని పై పొరలోని ఒకే ఒక ప్రొటీన్. ఆ ప్రొటీన్ తాలూకు జన్యువును ఈస్ట్ కణాల్లో పెట్టి పెంచితే, తయారైన అణువులు కాస్త కొవ్వును కలుపుకుని తమంతట తామే సుమారు 22 నానోమీటర్ల గుండ్రటి రేణువులుగా అమరిపోతాయి. 1986లో అమెరికాలో అనుమతి పొందిన ఈ తరహా టీకా తర్వాత ప్రపంచమంతటా పాకింది. నానోమెడిసిన్ అన్న మాట పత్రికలకెక్కక ముందే ఒక ప్రొటీన్ నానో రేణువు కోట్ల మంది ఒంట్లోకి వెళ్లిందన్నమాట.

అయితే అది అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేయలేదు. మూడు డోసులూ వేసుకున్న ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి రక్షణకు సరిపడా యాంటీబాడీలు రావు. వయసు, స్థూలకాయం, పొగతాగే అలవాటు కొంత కారణం. అవన్నీ లెక్కలోంచి తీసేసినా ఇంకో కారణం మిగులుతుంది. స్పందించని వాళ్లలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బి1 జన్యువు 03, 07 రకాలు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. రేణువు అదే, డోసు అదే, వేసిన సూదీ అలాంటిదే. తేడా అంతా అందుకున్న ఒంటిది.

టీకాకు ఇది లోపం. అదే రేణువు లోపల క్యాన్సర్ మందు పెట్టి పంపుతున్నామనుకోండి, కథ తిరగబడుతుంది. అప్పుడు కావలసింది స్పందన కాదు, నిశ్శబ్దం. ఎవరూ పట్టించుకోకుండా రేణువు రక్తంలో తిరిగి చేరవలసిన చోటికి చేరాలి. టీకాకు పలకని ఒళ్లు మందు రేణువుకు మంచి ఆతిథ్యం ఇవ్వవచ్చు, టీకాకు గట్టిగా పలికే ఒళ్లు మందును దారిలోనే అడ్డుకోవచ్చు. అందుకే రోగనిరోధక జన్యువుల వైవిధ్యాన్నీ ప్రొటీన్ నానో రేణువులనూ వేర్వేరు శాస్త్రాలుగా చూస్తున్నంత కాలం సగం బొమ్మే కనిపిస్తుంది. రేణువు సురక్షితమా అని అడగడం అరకొర ప్రశ్న. ఎవరిలో సురక్షితం అన్నదే అసలు ప్రశ్న.

హెచ్‌ఎల్‌ఏ ఏం చేస్తుందో ముందు చూద్దాం. ఒంట్లోని కణాలు ప్రొటీన్లను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, వాటిని తమ పైపొర మీద బయటికి చూపిస్తుంటాయి. ముక్కను పట్టి చూపే దోసిలి లాంటి అణువే హెచ్‌ఎల్‌ఏ. మొదటి తరగతి దోసిళ్లు దాదాపు అన్ని కణాల మీదా ఉంటాయి, లోపల తయారైన ప్రొటీన్ల తాలూకు 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్కలను పడతాయి. రెండో తరగతివి కొన్ని ప్రత్యేక రక్షణ కణాల మీదే ఉంటాయి, బయటి నుంచి మింగిన ప్రొటీన్ల పొడవాటి ముక్కలను పడతాయి. టీ కణాలు గస్తీ తిరుగుతూ ఈ దోసిళ్లలోకి తొంగి చూస్తాయి. ఇది మనది కాదే అనిపిస్తే రచ్చ మొదలు. సూదితో ఎక్కించిన రేణువు ఎక్కువగా చిక్కేది రెండో తరగతికే. అక్కడ సహాయక టీ కణం తల ఊపితే బీ కణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి, రెండోసారి వచ్చిన మందును అవి గేటు దగ్గరే పట్టుకుంటాయి.

టీ కణం ముక్కను విడిగా చూడదు, దాన్ని పట్టిన దోసిలితో కలిపే చూస్తుందని 1974లో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఎలుకల మీద తేల్చారు. 1996లో నోబెల్ వచ్చింది ఆ పనికే. ఆ దోసిలి ఆకారం కళ్లకు కట్టింది మాత్రం 1987లో. పమేలా బ్యోర్క్‌మన్ బృందం హెచ్‌ఎల్‌ఏ-ఏ2 స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూసినప్పుడు పైభాగాన ఒక గాడి కనిపించింది, గాడిలో ఎవరూ పెట్టని పదార్థమేదో ఇరుక్కుని ఉంది. శుద్ధి చేశామనుకున్న అణువు తన ముక్కను వదలకుండా స్ఫటికం దాకా మోసుకొచ్చింది. జీవశాస్త్రంలో ఇంత ముచ్చటైన మొండితనం అరుదు.

ఈ దోసిళ్ల జన్యువులు 6వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద గుంపుగా ఉంటాయి. మనిషి జన్యుసంపదలో ఇంతకంటే ఎక్కువ రకాలున్న చోటు ఇంకోటి లేదు. పేరు పెట్టి అంతర్జాతీయ డేటాబేస్‌లో చేర్చిన హెచ్‌ఎల్‌ఏ రూపాలు 40 వేలు దాటాయి. ఒక్కో మనిషికి తల్లి నుంచి ఒక సెట్, తండ్రి నుంచి ఒక సెట్. ఇన్ని రకాలెందుకంటే, అందరి దోసిళ్లూ ఒకటే అయితే వాటిలో ఇమడని ముక్కలున్న వైరస్ ఒక్కటి చాలు జాతి మొత్తాన్నీ తుడిచిపెట్టడానికి. హెచ్‌ఐవీ సోకిన వాళ్లలో తల్లిదండ్రుల నుంచి వేర్వేరు మొదటి తరగతి రకాలు వచ్చిన వారికి ఎయిడ్స్ ఆలస్యంగా వచ్చిందని 1999లోనే తేలింది. వైవిధ్యం జాతికి బీమా లాంటిది. మందు తయారు చేసేవాడికి మాత్రం అదే తలనొప్పి.

ఎంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో ఒకచోట దగ్గరగా చూడొచ్చు. రెండో తరగతిలోని డీఆర్ రకం దోసిలిలో ముక్కను పట్టే గుంటలు కొన్ని ఉంటాయి, వాటిలో మొదటిది కీలకం. ఆ గుంట అడుగున, దోసిలిని కట్టే రెండు గొలుసుల్లో ఒకటైన బీటా గొలుసులో 86వ స్థానంలో కొందరికి గ్లైసిన్ ఉంటుంది, కొందరికి వాలిన్. గ్లైసిన్ అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లం కాబట్టి గుంట లోతుగా ఉండి ఉంగరం ఆకారపు భాగమున్న టైరోసిన్ లాంటి పెద్ద అమైనో ఆమ్లం కూడా ఇముడుతుంది. వాలిన్ ఉంటే దాని భుజాలు అడ్డుపడి గుంట ఇరుకవుతుంది, పెద్దవి దిగవు, చిన్నవే కుదురుతాయి. ఒక్క అమైనో ఆమ్లం తేడాతో ఒకరి రక్షణ వ్యవస్థకు కనిపించే ముక్క పక్కవారికి అసలు కనిపించకుండా పోవచ్చు.

ఇక మోసేవాళ్ల సంగతి. మందును ప్రొటీన్‌లో పెట్టి పంపాలన్న ఆలోచనకు మొట్టమొదటి పెద్ద విజయం ఆల్బుమిన్‌తో వచ్చింది. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు నీళ్లలో కరగదు. ఆముదం నుంచి తయారు చేసిన ఒక ద్రావకంలో కరిగించి ఇచ్చేవారు, ఆ ద్రావకమే తీవ్రమైన అలర్జీలు తెచ్చిపెట్టేది. ముందుగా స్టెరాయిడ్లు వేసి మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించాల్సి వచ్చేది. అదే మందును ఆల్బుమిన్‌తో కలిపి సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేసిన అబ్రాక్సేన్‌కు 2005లో అమెరికా అనుమతి ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో చదరపు మీటరు శరీర వైశాల్యానికి పాత పద్ధతిలో 175 మిల్లీగ్రాములు ఇచ్చేచోట దీన్ని 260 మిల్లీగ్రాముల దాకా, అరగంటలోనే ఎక్కించవచ్చు. రక్తంలోకి వెళ్లగానే ఈ రేణువులు త్వరగా విడిపోయి విడి ఆల్బుమిన్ అణువులుగా మందును మోస్తాయి. కాబట్టి దీన్ని నిజమైన నానో వాహనం అనాలా, మంచి ద్రావకం అనాలా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో పస ఉంది. రోగికి మాత్రం ఆముదం ద్రావకం బెడద తప్పింది, అది చిన్న విషయం కాదు.

ఆల్బుమిన్‌కు అంత మర్యాద ఎందుకంటే అది మన ప్రొటీనే. 585 అమైనో ఆమ్లాల ఈ అణువు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 19 రోజులు పడుతుంది. కణాలు దాన్ని మింగినా ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకం పట్టుకుని మళ్లీ రక్తంలోకి వదిలేస్తుంది. దాని ముక్కలను చూసి రెచ్చిపోయే టీ కణాలను థైమస్ గ్రంథి మొదట్లోనే ఏరిపారేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒంట్లో పుట్టిన ప్రొటీన్ మీద మందు ఎక్కించి పంపడంలోని కిటుకు అదే.

ఆ కిటుకునే ఇంకా తెలివిగా వాడేది ఫెర్రిటిన్. ఇది 24 ఉపభాగాలు కలిసి కట్టిన బోలు బంతి. బయట 12 నానోమీటర్లు, లోపల ఖాళీ 8 నానోమీటర్లు. సహజంగా అందులో 4,500 దాకా ఇనుము పరమాణువులను దాచుకుంటుంది. ద్రావణం ఆమ్లత్వాన్ని పీహెచ్ 2 దాకా పెంచితే బంతి విడిపోతుంది, మందు కలిపి మళ్లీ తటస్థానికి తెస్తే ఆ మందును లోపల పెట్టుకుని మూసుకుంటుంది. ఇంతకన్నా సులువైన పెట్టె ప్రయోగశాలలో దొరకదు. పైగా దాని భారీ గొలుసు అతుక్కునే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం చాలా క్యాన్సర్ కణాల మీద దండిగా ఉంటుంది. 1986లో నాన్సీ కెడెర్షా, లియోనార్డ్ రోమ్ కనుగొన్న వాల్ట్ అనే ప్రొటీన్ పీపా ఇంకా పెద్దది. ఒకే ప్రొటీన్ 78 ప్రతులు చేరి సుమారు 70 నానోమీటర్ల పొడవున గోడ కడతాయి. ఇవి మన కణాల్లోనే వేల కొద్దీ ఉన్నాయి. ఎన్‌క్యాప్సులిన్ల లాంటివి బ్యాక్టీరియావి. చివరికి ప్రకృతిలో ఎక్కడా లేని, కంప్యూటర్ మీద గీసి కట్టిన పంజరాలూ వచ్చాయి. ప్రొటీన్లను కొత్తగా రూపొందించినందుకు డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. ఆయన సంస్థలో రూపుదిద్దుకున్న పంజరం మీద కట్టిన కోవిడ్ టీకా స్కైకోవియోన్‌కు 2022లో దక్షిణ కొరియా అనుమతి ఇచ్చింది.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇంట్లో పుట్టిన ఫెర్రిటిన్ అయినా దాన్ని ఉన్నదున్నట్టుగా వాడేవాళ్లు తక్కువ. గురి కుదరడానికి ఒక చిన్న పెప్టైడ్ (కొద్దిపాటి అమైనో ఆమ్లాల గొలుసు) అతికిస్తారు, మందు బాగా నిలవడానికి లోపలి గోడలో ఒక అమైనో ఆమ్లం మారుస్తారు. వ్యాసాల్లో ఇది చిల్లర మార్పులాగే కనిపిస్తుంది. దోసిలి కళ్లతో చూస్తే అలా ఉండదు. రెండో తరగతి దోసిలి ముక్కలో తొమ్మిది అమైనో ఆమ్లాల భాగాన్ని గట్టిగా పడుతుంది. గొలుసు మధ్యలో ఒక్క అక్షరం, అంటే ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే, ఆ అక్షరం ఉన్న తొమ్మిదక్షరాల వరుసలు తొమ్మిది కొత్తగా పుడతాయి. పది అక్షరాల పెప్టైడ్‌ను గొలుసు చివర తగిలిస్తే కొత్త వరుసలు పది. అదే పెప్టైడ్‌ను మధ్యలోని ఒక మలుపులో దూరిస్తే అటూ ఇటూ అతుకులు కూడా కలిసి పద్దెనిమిది. ఇంజనీరు దృష్టిలో చివరైనా మధ్యైనా ఒకటే పెప్టైడ్. థైమస్ ఎన్నడూ చూడని వరుసలు మాత్రం దాదాపు రెట్టింపు. వాటిలో ఏది ఎవరి గుంటలో ఇముడుతుందన్నది 86వ స్థానం లాంటి తేడాల మీద ఆధారపడుతుంది.

పంజరం అందమే ఇంకో చిక్కు. ఒకే ఆకారం అచ్చుపోసినట్టు సమ దూరాల్లో పదేపదే కనిపిస్తే బీ కణానికి అది వైరస్‌లాగే తోస్తుంది, దాని గ్రాహకాలన్నీ ఒకేసారి లాగబడతాయి. జింకర్‌నాగెల్ ప్రయోగశాల నుంచే 1993లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గది. ఒక వైరస్ ప్రొటీన్‌ను పుట్టుకతోనే తమ ఒంట్లో తయారు చేసుకునేలా ఎలుకలను పెంచారు, అంటే వాటికి అది సొంత ప్రొటీన్. అదే ప్రొటీన్‌ను చెదురుమదురుగా ఇస్తే బీ కణాలు పట్టించుకోలేదు. వైరస్ పై పొరలో ఉన్నట్టు వరుసలు కట్టి ఇస్తే వెంటనే స్పందించాయి. ఒంటరిగా తిరిగే ఇంటి దొంగను పట్టలేకపోయినా, కవాతు చేసుకుంటూ వస్తే ఎవరికైనా కనిపిస్తాడు. ఫెర్రిటిన్ బంతి మీద అతికించిన పెప్టైడ్ ఒక్కటి కాదు, 24 చోట్ల అదే దూరంలో నిలబడుతుంది.

జన్యువులు ఇంతగా తేడా తెస్తాయా, ఇది ఊహ మాత్రమేనా అంటే, పంజరాలలో మనుషుల మీద పరీక్షకు వచ్చినవి తక్కువే కాబట్టి వాటికి దగ్గరి చుట్టాల వైపు చూడాలి. పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ కూడా ప్రొటీన్ మందులే. బ్రిటన్‌లో ఇవి వాడుతున్న 1,240 మంది రోగుల జన్యువులు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, హెచ్‌ఎల్‌ఏ-డీక్యూఏ1*05 రకం ఉన్నవాళ్లలో మందుకు ఎదురు యాంటీబాడీలు పుట్టే వేగం దాదాపు రెట్టింపు ఉంది. యూరప్ సంతతిలో సుమారు 40 శాతం మందికి ఈ రకం ఉంటుంది. ఆ రకం ఉండి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే వాడినవాళ్లలో ఏడాది తిరిగేసరికి 92 శాతం మందికి యాంటీబాడీలు వస్తే, ఆ రకం లేకుండా అడాలిముమాబ్‌ను రోగనిరోధక స్పందనను తగ్గించే ఇంకో మందుతో కలిపి వాడినవాళ్లలో 10 శాతం మందికే వచ్చాయి. ఈ రెండు చివరల మధ్య తేడా మొత్తం జన్యువుదే అనుకోకూడదు, మందూ వేరు, జోడించిన మందూ వేరు. అయినా లెక్కలోంచి జన్యువును కొట్టిపారేయడం కుదరదు.

సొంత ప్రొటీన్ అన్న మాట కూడా అంత ధీమాగా వాడేది కాదు. తీవ్రమైన హీమోఫీలియా-ఏ ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్-8 ప్రొటీన్ ఎక్కిస్తే పావు వంతు నుంచి 30 శాతం మందిలో దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు వస్తాయి. లోకమంతటికీ సొంతదైన ప్రొటీన్ వాళ్ల ఒంటికి పరాయిది, ఎందుకంటే వాళ్ల జన్యువు దాన్ని ఎప్పుడూ పూర్తిగా తయారు చేయలేదు.

చిన్న అణువు మందుల రంగం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. హెచ్‌ఐవీ మందు అబాకవిర్ కొందరిలో జ్వరం, దద్దుర్లతో మొదలై ప్రాణం మీదికి తెచ్చేది. కారణం హెచ్‌ఎల్‌ఏ-బి*57:01. మందు ఆ దోసిలి గాడిలోకే దూరి కూర్చుని, అందులో ఇమిడే ముక్కల జాబితానే మార్చేస్తుంది, ఒంటి సొంత ముక్కలు పరాయివిగా కనిపిస్తాయి. 1,956 మందితో జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, ముందుగా జన్యువు చూసి మందు ఇచ్చిన వర్గంలో చర్మ పరీక్షతో నిర్ధారించిన రియాక్షన్ ఒక్కరికీ రాలేదు, చూడకుండా ఇచ్చిన వర్గంలో 2.7 శాతం మందికి వచ్చింది. ఇప్పుడు ఆ పరీక్ష చేయకుండా అబాకవిర్ మొదలుపెట్టకూడదు. ప్రొటీన్ వాహనాల రంగం మాత్రం ఈ విషయంలో ఇంకా బాల్యంలోనే ఉంది.

ఎలుకల దగ్గరే ఇది పట్టుబడాల్సింది. కానీ ప్రయోగశాల ఎలుకలు తరతరాలుగా అన్నాచెల్లెళ్ల సంకరంతో పెంచినవి. ఒక రకం ఎలుకలన్నీ జన్యుపరంగా కవలలే, వాటి దోసిళ్లూ ఒకే రకం. పది ఎలుకల్లో నిశ్శబ్దంగా ఉందంటే, నిజానికి ఒకే ఎలుకను పదిసార్లు చూసినట్టు. క్యాన్సర్ పరిశోధనల్లోనైతే పరాయి కణితిని తిప్పికొట్టకుండా టీ కణాలే లేని ఎలుకలను వాడతారు. కణితి ఎంత తగ్గిందో వాటిలో చూడొచ్చు గానీ, రేణువును ఒళ్లు ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే అడగరానివాళ్లను అడిగినట్టే. వేర్వేరు రకాల ఎలుకలను పక్కపక్కన పెట్టి చూసిన 2013 నాటి ఒక అధ్యయనంలో, ప్రొటీన్ కాని పాలిమర్ నానో రేణువులను సైతం బాల్బ్-సి ఎలుకలు రక్తంలోంచి సీ57 నల్ల ఎలుకల కంటే వేగంగా తుడిచేశాయి.

కంప్యూటర్ సాయం ఉంది. ఒక ప్రొటీన్ వరుసను ఇస్తే అందులోని ఏ ముక్క ఏ హెచ్‌ఎల్‌ఏ రకానికి అతుక్కుంటుందో డెన్మార్క్‌లో తయారైన నెట్‌ఎంహెచ్‌సీ-2-ప్యాన్ లాంటి సాఫ్ట్‌వేర్లు అంచనా వేస్తాయి. ప్రమాదకరంగా కనిపించిన అక్షరాన్ని మార్చి, పంజరం కూలకుండా నిలుస్తుందో లేదో చూడొచ్చు. అయితే ఈ సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నది ప్రయోగాల్లో ఎక్కువగా పరీక్షించిన రకాల మీద, అవి ఎక్కువగా యూరప్ సంతతిలో కనిపించేవి. ఆసియా, ఆఫ్రికా జనాభాల్లో మాత్రమే దొరికే రకాల విషయంలో అంచనా ఊగిసలాడుతుంది. అతుక్కున్న ప్రతి ముక్కా రచ్చ చేయదన్నది ఇంకో ముడి.

మనుషుల మీద తొలి దశ పరీక్షలు ఈ లోటును పూడ్చవు. 5 శాతం మందిలో ఉండే ఒక హెచ్‌ఎల్‌ఏ రకం ఉందనుకుందాం. ఇరవై మందితో చేసిన పరీక్షలో ఆ రకం వాళ్లు ఒక్కరూ లేకపోయే అవకాశం 36 శాతం. అరవై మందిని తీసుకుంటే అది 5 శాతం కిందికి దిగుతుంది. వలంటీర్లంతా ఒకే సంతతి వాళ్లయితే ఈ లెక్క కూడా పనికిరాదు, ఆ రకం అక్కడ అసలు ఉండకపోవచ్చు. కాబట్టి తొలి దశలోనే ప్రతి వలంటీరు హెచ్‌ఎల్‌ఏ రకాన్ని నమోదు చేసి, యాంటీబాడీల ఫలితాల పక్కన ప్రచురించడం కనీస మర్యాద. జీవితంలో ఒకసారి చేస్తే చాలే పరీక్ష అది, ఫలితం మారదు.

అలాగని జన్యువును తలరాతలా చూడనక్కర్లేదు. 2017లో అమెరికా అనుమతించిన హెప్లిసావ్-బి టీకాలో ఉన్నది పాత ఉపరితల ప్రొటీనే. దాని పక్కన బ్యాక్టీరియా డీఎన్ఏను అనుకరించే చిన్న తునకను చేర్చారు. నెల వ్యవధిలో రెండే డోసులతో, పాత టీకాకు సరిగా పలకని వర్గాల్లో కూడా ఎక్కువ మందికి రక్షణ వచ్చింది. దోసిలి బలహీనంగా పట్టిన ముక్కకు కూడా ప్రమాద ఘంట తోడైతే స్పందన పుడుతుంది. మందు మోసే రేణువుకు ఇదే విషయం తలకిందులుగా వర్తిస్తుంది. ఈ పంజరాల్లో ఎక్కువ భాగం ఇ.కోలై బ్యాక్టీరియాలో పెంచినవి. దాని గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం శుద్ధిలో పూర్తిగా పోకపోతే అదే ఘంటై మోగుతుంది. ఒక ప్రయోగశాలలో నిశ్శబ్దంగా ఉన్న ఫెర్రిటిన్ ఇంకోచోట యాంటీబాడీలు పుట్టిస్తే, దోసిళ్ల రకాన్ని తప్పుపట్టే ముందు ఆ సీసాలో ఎండోటాక్సిన్ ఎంత మిగిలిందో చూడాలి.